మందుకు లొంగని క్షయ
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పండుగపూట రోగాల మాట ఎందుకని కొందరు అనుకొనవచ్చును. బదిలీలమీద ఊరూరా తిరిగే కుటుంబములు మనలో చాలా ఉన్నవి. వారికి ఈ సంగతి అవసరమని తలచి మనవి చేయుచున్నాము. మేము వైద్యులము కాము, రైల్వే గుమాస్తాలము. చదివి తెలుసుకొన్నదే చెప్పెదము.

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అను మందును కనుగొనిరి. 1947లో బ్రిటనులో 107 మంది క్షయరోగులతో దానిని పరీక్షింప మొదలిడిరి. ఆరు నెలలలో, మందు పొందిన 55 మందిలో నలుగురు, మంచముపై విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది చనిపోయిరి. అందరు సంతోషించిరి. కాని కోలుకొన్నవారిలో పలువురికి రోగము తిరుగబెట్టినది. వారి కఫములోని క్రిములు ఇక ఆ మందుకు చావలేదు.

కారణమేమి? శరీరము మందుకు అలవాటు పడినదని కొందరందురు. అది సరి కాదు, మారినవి క్రిములు. క్రిమి ఒకటి రెండై పెరుగునప్పుడు, ఏ పది లక్షలలోనో ఒకటి మందుకు లొంగని గుణముతో పుట్టును. ఊపిరితిత్తిలోని పుండులో కోట్లకొలది క్రిములుండును. మందు తక్కినవానిని చంపగా, మిగిలిన ఆ కొద్దిపాటివే సంతతిని పెంచుకొనును.

రెండు మందులు కలిపి ఇచ్చినచో, ఒకదానిని తప్పించుకొన్న క్రిమి రెండవదానికి చిక్కును. మొదటి గేటులో జారుకొన్న టిక్కెట్టులేని ప్రయాణికుడు రెండవ గేటులో పట్టుబడినట్లే. అందుచేతనే నేడు సాధారణ క్షయకు మొదట నాలుగు మందులు కలిపి, మొత్తము ఆరు నెలలు ఇచ్చుచున్నారు.

మన ఈ చెన్నపట్నములోనే 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. శానిటోరియములో చేరకయే, ఇంటివద్ద మందు తిన్నను రోగము నయమగునని ఆ కేంద్రము 1959లో నిరూపించినది. బీదలకు ఇది గొప్ప మేలు. అయితే ఇంటివద్ద మందు తినువాడు, దగ్గు తగ్గగానే మానుట కలదు. పిల్ల పెండ్లికి అడ్డు వచ్చునని దాచువారు, బదిలీతో వదలివేయువారు కలరు. ఇట్లు మానుచు, మరల మొదలిడుచు ఉన్నచో లొంగని క్రిములు బలియును. అవి దగ్గుతో ఇంటిలోని పసివానికి సోకినచో, ఒక్క మాత్రయు మ్రింగని ఆ బిడ్డకు మొదటినుండియే ఆ మందు పనిచేయదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందులు ఉచితము. ఊరు మారినను చికిత్సను అక్కడికి మార్పించుకొనవచ్చును. క్రొత్తగా వచ్చిన కుటుంబమునకు మనము బడిని, బియ్యపు అంగడిని చూపుచున్నాము. ఆసుపత్రిని కూడ చూపుదము. మందు పూర్తియగువరకు కనిపెట్టి ఉందము.