గురుపూజోత్సవమున పిల్లల చేతి కానుక

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు వచ్చినవారు మంచినీటి చెరువును గూర్చియు, బాటలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు మాటలాడుట పరిపాటి. మేము ఈ దినమున ఒక కాగితపు ముక్కను గూర్చి మాటలాడదలచితిమి. మీలో కొందరు నవ్వినను నవ్వవచ్చును. కాగితమును నడుమకు మడిచి, పైన బొమ్మ వేసి, లోపల నాలుగు మాటలు వ్రాసి, బిడ్డ తన గురువు చేతిలో పెట్టు మడత కార్డు అది. దీనికిని పంచాయతీకిని సంబంధమేమని మీరు అడుగుదురు. ఆ సంబంధమునే మనవి చేసెదము.

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మనము ఉపాధ్యాయ దినోత్సవము జరుపుకొనుచున్నాము. అది డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినము. వారు 1888లో జన్మించిరి. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. 1962లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. తమ పుట్టినరోజును వేడుకగా జరుపదలచిన శిష్యులతో, దానిని ఉపాధ్యాయుల దినముగా జరిపినచో తాము ఎక్కువ సంతోషింతుమని వారు చెప్పిరి. 1962 నుండి ఈ ఆచారము నడచుచున్నది.

ఆ దినమున మన గ్రామములలో జరుగునది మీ రెరిగినదే. బజారు నుండి శాలువయు పూలదండయు వచ్చును. వేదికపై పెద్దలు మాటలాడుదురు. పిల్లలు ఎండలో కూర్చుండి చప్పట్లు చరతురు. శాలువ కప్పుట తప్పని మేము అనము. కాని ఆ శాలువ కొన్నవారు పెద్దలు, కప్పినవారు పెద్దలు. గురువు వలన మేలు పొందిన బిడ్డకు ఒక్క మాట చెప్పు అవకాశము లేదు.

ఒకచోట ఇట్టి సభ ముగిసిన పిదప వృద్ధుడైన ఒక ఉపాధ్యాయుడు మాతో ఇట్లనిరి: "అయ్యా, శాలువలన్నియు పెట్టెలో మడతపెట్టి యున్నవి. ఒక పిల్ల నోటుపుస్తకపు కాగితముపై వ్రాసి యిచ్చిన చీటీ మాత్రము నా కళ్లజోడు పెట్టెలో నున్నది." అందేమి వ్రాసి యున్నదని అడిగితిమి. "మీరు నేర్పిన లెక్కతో మా నాన్న మిరపకాయలు అమ్మిన చీటీ నేనే సరిచూచినాను" అని యున్నదట. సోదరులారా, ఆ గురువునకు ఇంతకంటె పెద్ద బిరుదు ఎవరీయగలరు?

శిష్యుని వ్రాతకు ఎంత బలము కలదో మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించెను. తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచెను. పరీక్ష రుసుము మూడు రూపాయలకై ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టవలసి వచ్చెను. అట్టి బాలుని చేరదీసినవారు ఒంగోలు మిషను పాఠశాల ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. తాము రాజమహేంద్రవరమునకు తరలిపోవునపుడు ఆ బాలుని కూడ వెంట తీసికొనిపోయిరి. ఆ బాలుడే బారిష్టరై, ఆంధ్రకేసరియై, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టిరి. జిల్లాకు శిష్యుని పేరు నిలిచినది. మరి గురువు పేరు మనకెట్లు తెలిసినది? శిష్యుడు తన ఆత్మకథయగు 'నా జీవితయాత్ర'లో ఆయనను తలచుకొనుట చేతనే. ప్రకాశం గారు గ్రంథమున వ్రాసిరి. మన బిడ్డ మడత కార్డులో వ్రాయును. కొలత వేరు, పని యొక్కటే.

ఇక కార్డు చేయు విధానము. ఏ4 కాగితము 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. కొంచెము దళసరి కాగితమైన మేలు. పొడవును సగము చేసి కోసినచో రెండు ముక్కలగును. ఒక్కొక్క ముక్క ఒక కార్డు. నూరుగురు పిల్లలకు ఏబది కాగితములు చాలును; చెడిపోవు వాటికి మరి పది కలుపుకొనవలెను.

బట్టకు వలెనే కాగితమునకును పోగు దిశ కలదు. ఒక తునకను చింపి చూచినచో ఒకవైపు తిన్నగాను, రెండవవైపు వంకరగాను చినుగును. తిన్నగా చినిగిన దిశ వెంట మడిచినచో మడత పగులదు. ముక్క నడుమ, 10.5 సెంటీమీటర్ల వద్ద స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీయవలెను. ఆ గీత వెంట మడిచి చెంచా వెనుకభాగముతో రుద్దినచో మడత కత్తివాదరవలె వచ్చును.

పెద్ద తరగతులవారు లోపల బొమ్మ లేచి నిలుచునట్లు చేయవచ్చును. మూసిన కార్డు మడత అంచున రెండు సెంటీమీటర్ల ఎడముతో, మూడు సెంటీమీటర్ల లోతున రెండు కత్తిరింపులు పెట్టవలెను. కార్డు తెరచి ఆ నడుమ పట్టీని లోపలికి నెట్టి, మూసి నొక్కవలెను. తెరచినపుడు అది చిన్న మెట్టువలె నిలుచును. వేరొక కాగితముపై వేసి కత్తిరించిన బొమ్మను ఆ మెట్టు ముందుభాగమున అంటింపవలెను. బొమ్మ ఎత్తు ఆరు సెంటీమీటర్లు దాటకున్నచో కార్డు మూసినపుడు వెలుపలికి కనబడదు. కన్నము కనబడకుండుటకు వెనుక మరియొక ముక్కను అట్టగా అంటించుకొనవలెను. జిగురునకు గంజియైనను, తుమ్మ జిగురైనను చాలును.

ఏ బొమ్మ వేయవలెను? సెప్టెంబరు తొలినాళ్లలో మన రేగడి చేలలో ప్రత్తి పూత మీద ఉండును. విచ్చిన నాడు లేత పసుపు కలిసిన తెలుపుగా నున్న పూవు మరునాటికి గులాబి వన్నెకు తిరుగును. ఆ రెండు వన్నెలను కంటితో చూచి వేసిన బిడ్డ ప్రకృతి పాఠము కూడ నేర్చినట్లే. మంగళగిరి, చీరాల నేతచీరల అంచులు చూచి కార్డు అంచు దిద్దవచ్చును. రంగులు కొననక్కరలేదు. పసుపును తుమ్మ జిగురు నీటితో కలిపినచో పసుపు రంగు. అందు చిటికెడు సున్నము చేర్చినచో ఎరుపు. చిక్కుడాకు రసము ఆకుపచ్చకు, మెత్తని బొగ్గుపొడి నలుపునకు పనికివచ్చును. పసుపు ఎండకు వెలిసిపోవును గనుక కార్డును నీడపట్టున ఆరబెట్టవలెను.

ఇచట మూడు హెచ్చరికలు చేయుచున్నాము. ఒకటి: పురుగుమందు పెట్టెల అట్టలను, సంచుల కాగితములను పిల్లల చేతికి ఈయరాదు. మందు చల్లిన చేలో పూవులు కోసి అంటింపరాదు. చూచి వేయుట చాలును. రెండు: మందు పట్టించిన ప్రత్తి విత్తనములను అలంకారమునకు వాడరాదు. మూడు: ఎర్రగా నున్నదని మిరపపొడిని రంగుగా వాడనీయరాదు, అది కంటిలో పడును. సున్నమును పెద్దలే కలిపి యీయవలెను.

ఇంతయు కార్డునకు దేహము. ప్రాణము లోపలి మాట. 'గురుదేవో భవ' అని నల్లబల్లపై వ్రాసి అందరిచేత దించి వ్రాయింపవలదు. నలుబది కార్డులలో ఒకే మాట యున్నచో అది ఎవరి మాటయు కాదు. "మాస్టారు నీకు ఏమి నేర్పిరి? ఏ దినమున నీకు సాయపడిరి?" అని బిడ్డ నడుగవలెను. బిడ్డ చెప్పినది బిడ్డ భాషలోనే వ్రాయనీయవలెను. ఒకటి రెండు అక్షరదోషములున్నను దిద్దవలదు. చదువురాని తల్లి కూడ ఇందు పాలుపంచుకొనవచ్చును. కార్డు వెనుకవైపున ఆమె వేసిన నాలుగు చుక్కల ముగ్గు ఆమె చేవ్రాలుతో సమానము.

ఇప్పుడు పంచాయతీతో సంబంధమునకు వచ్చుచున్నాము. మన మెట్టపొలములలో ప్రత్తి తీతలు, ఆ వెనుక మిరప కోతలు మొదలైన పిమ్మట బడిలో బల్లలు ఖాళీయగుట మీరు చూచుచున్నదే. తల్లిదండ్రుల వెంట చేలకు పోయిన బిడ్డ ఒక నెల గడచిన తరువాత బడికి రావలెనన్న సిగ్గుపడును. పాఠములు ముందుకు పోయినవి, మాస్టారు ఏమందురో యని భయము. ఆ భయముతోనే కొందరు శాశ్వతముగా బడి మానుదురు. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల వయస్సు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. కాని సిగ్గును చట్టము పోగొట్టలేదు. గురువుతో చనువున్న బిడ్డయే తిరిగి గడప తొక్కును. సెప్టెంబరు 5వ తేదీ ఆ తీతలు ముమ్మరమగుటకు ముందే వచ్చుచున్నది. ఆనాడు తన చేతితో కార్డు నిచ్చి, మాస్టారు దానిని చదివి నవ్వుట చూచిన బిడ్డకు తిరిగి వచ్చుటకు ఒక దారి యుండును.

కావున మా మనవి ఇది. ఆగస్టు చివరి వారముననే బడికి కాగితములు, నాలుగు కత్తెరలు పంపుడు. బడి మానిన పిల్లల జాబితా తీసికొని, మీ వార్డు పిల్లలను మీరే పిలుచుకొని వచ్చి వారి చేతను కార్డు చేయింపుడు. మన ఊరికి పనికి వచ్చిన వలసకూలీల బిడ్డలను మరువకుడు. పోటీలు, బహుమతులు పెట్టకుడు. పెట్టినచో పెద్దలే బొమ్మలు వేసి పంపుదురు. సభలో మీ ప్రసంగములను కొంత తగ్గించుకొని, ప్రతి బిడ్డయు స్వయముగా లేచి కార్డు నిచ్చుటకు వ్యవధి నిండు.

వచ్చే వేసవిలో మిరప కోతలు ముగిసిన తరువాత హాజరుపట్టీ తెప్పించి చూడుడు. కార్డులిచ్చిన పిల్లలలో ఎందరు బడిలో నున్నారో లెక్కింపుడు. మేము మరల వచ్చినపుడు మీ రోడ్ల లెక్కతో పాటు ఆ లెక్కను కూడ అడిగెదము.