కమాన్లు, షాకబ్జర్లు, పాత కమారో

మజిల్ కారు అనగానే అందరి చూపూ ఇంజిను మీదికే పోతుంది. 1964లో పాంటియాక్ జీటీఓలో 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిను పెట్టి అమ్మిన నాటినుంచీ ఈ కార్ల చరిత్రంతా ఇంజిన్ల చరిత్రగానే సాగింది. ఆ బలాన్ని నేలకు చేర్చేవి మాత్రం కారు కింద ఉన్న స్ప్రింగులు, బుష్‌లు, షాకబ్జర్లు, యాంటీ రోల్ బార్. 1967–69 నాటి షెవర్లే కమారోను ముందు పెట్టుకుంటే ఈ నాలుగింటి ఎంపికా తేటపడుతుంది.

కమారో ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు, వాటి మధ్య కాయిల్ స్ప్రింగ్, స్ప్రింగ్ లోపల నిలువుగా షాకబ్జర్ ఉంటాయి. వెనక చక్రాలు రెండింటికీ ఒకే గట్టి యాక్సిల్, దాని కింద కమాన్లు. అదే కాలపు క్రైస్లర్ కార్లకు ముందు కాయిల్ బదులు టార్షన్ బార్ ఉండేది. అంబాసిడర్‌లో తిరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. దానికీ ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్లే. రోడ్డు పక్క షెడ్డులో లారీ కమాన్ల కట్ట విప్పి బిగించడం చూసినవారికి కమారో వెనక భాగం సగం అర్థమైనట్టే. కారు కిందికి దూరి ఒక్కో భాగాన్నీ చేత్తో తడిమి చూసే ఆ అలవాటు ఇప్పుడు సన్నగిల్లింది. కేటలాగులో మెరిసే పూర్తి కిట్టు తెప్పించి బిగించేయడమే రిపేరు అనిపించుకుంటోంది.

మొదట చూడవలసినవి బుష్‌లు. షాకబ్జర్లు పోయాయనుకునే చాలా కార్లలో అసలు పోయినవి ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లే. రోడ్డు మీద నడిచే కారుకు రబ్బరే హాయి. పాలీయురేథేన్ గట్టిగా పట్టి ఉంచుతుంది కానీ గ్రీజు లేకపోతే కీచుమంటుంది. రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది. కొత్త బుష్‌లు కొద్ది కాలానికే పాడయ్యాయంటే చాలాసార్లు కారణం ఇదే.

స్ప్రింగులు కుదిరాకే షాకబ్జర్ల వంతు. బరువు మోసేది స్ప్రింగు. దాని ఊగులాటను ఆపేది షాకబ్జర్. లోపలి నూనె సన్నని దారుల గుండా పోతూ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. రెండు గొట్టాల పాతరకంలో ఆ నూనె గాలితో కలిసి నురుగెత్తితే పట్టు పోతుంది. ఒకే గొట్టం ఉన్న రకంలో నైట్రోజన్‌నూ నూనెనూ వేరుచేసే పిస్టన్ ఉంటుంది కనుక ఆ బాధ లేదు. కారును బాగా కిందికి దించే స్ప్రింగులు వేసి, పాత పొడుగు షాకబ్జర్లనే ఉంచితే, పెద్ద గుంతలో స్ప్రింగుకంటే ముందు షాకబ్జరే అడుగంటి దెబ్బతింటుంది. పొడవు కొలిచే కొనాలి.

ఈ మొత్తం విషయానికి ప్రాణం వెనక యాక్సిల్ దగ్గర ఉంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు చక్రాలు ముందుకు తిరుగుతుంటే యాక్సిల్ గొట్టం వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది. కమాన్లు ఎస్ ఆకారంలో వంగుతాయి. టైరు పట్టు జారగానే విసురుగా విప్పుకుంటాయి, పట్టు దొరకగానే మళ్లీ వంగుతాయి. చక్రాలు దడదడా నేలను కొడతాయి. దీన్నే వీల్ హాప్ అంటారు. 1967 కమారోకు చాలావరకు పక్కకొక్క పట్టీ కమానే, షాకబ్జర్లు రెండూ యాక్సిల్‌కు ముందే. అందుకే ఈ దడ ఎక్కువ. 1968లో కంపెనీ ఒక షాకబ్జర్‌ను యాక్సిల్ ముందు, రెండోదాన్ని వెనక అమర్చింది. యాక్సిల్ మెలి తిరగబోతే ఒకటి సాగాలి, రెండోది ముడుచుకోవాలి. రెండూ కలిసి ఆ మెలికను అడ్డుకుంటాయి. బలమైన ఇంజిన్లున్న కార్లకు అనేక పట్టీల కమాన్లు కూడా వచ్చాయి. రూపాయి ఖర్చు పెంచడానికి వెనకాడే కార్ల పరిశ్రమలో, ఉన్న భాగాన్నే చోటు మార్చి రోగం తగ్గించడం ఇంజనీరింగులో గొప్ప పని. ఆ ఏడాది ట్రాన్స్-యామ్ పందేల్లో పెన్స్కే జట్టు కమారో నడిపిన మార్క్ డోనహ్యూ 13 పందేల్లో 10 గెలిచాడు. అతని కారు వెనకా కమాన్లే. కమాన్లు పాతకాలపువని తీసిపారేసి, ఫ్రేమును కోసి కొత్త అమరికలు పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1967 కారుకూ ఆ తర్వాతి కార్లకూ వెనక షాకబ్జర్ల చోటు వేరు కనుక, వాటిని అడిగేటప్పుడు సంవత్సరమూ, కమాను రకమూ చెప్పి తీరాలి.

ముందు షాకబ్జర్‌ను కింది ఆర్మ్ రంధ్రంలోంచి పైకి దూర్చి, పైన రబ్బరు, వాషరు, నట్టు, కింద రెండు బోల్టులు బిగిస్తారు. పై నట్టును రబ్బరు వాషరు అంచుదాకా ఉబ్బేంతవరకే తిప్పాలి. అంతకుమించితే రబ్బరు నలిగిపోతుంది. బిగింపు మార్చుకునే రకం షాకబ్జర్లను మెత్తని స్థాయిలో మొదలుపెట్టి ఒక్కో మెట్టే పెంచాలి. గట్టిగా ఉంటేనే గొప్ప అనే నమ్మకం పాత కార్లకు చాలా చేటు చేసింది. మరీ గట్టి షాకబ్జర్ ఉంటే చక్రం గతుకు మీదనుంచి ఎగిరి నేలను వదిలేస్తుంది.

యాంటీ రోల్ బార్ విషయంలో ముందు లావుపాటిది వేస్తే మలుపులో ఒరుగు తగ్గుతుంది. వెనక కూడా లావుది వేస్తే తడిరోడ్డు మీద తోక జారుతుంది. ఆర్మ్‌లు విప్పి బిగించాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఆనాటి కంపెనీ కొలతలు బయాస్ ప్లై టైర్లకు ఇచ్చినవి. రేడియల్ టైర్లు వేసిన కారుకు పాజిటివ్ క్యాస్టర్ (చక్రం మలిగే అక్షం పైభాగం వెనక్కి వాలే కోణం) పెంచి పెట్టించుకోవాలి. పవర్ స్టీరింగ్ లేని కారులో దానివల్ల స్టీరింగ్ కొంత బరువెక్కుతుంది.