పెదాల ఫిల్లర్: ముందు పెట్టె చూపించమనండి

ఈసారి మా ఇంటి సంగతే. మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, పెళ్ళికి ముందు లిప్ ఫిల్లర్ వేయించుకుంటున్నా. ఒకావిడ ఇంటికే వచ్చి సగం ధరకి వేస్తుందట" అంది. నాకు గుండె ఝల్లుమంది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో బొటాక్స్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి, ఫిల్లర్‌కి అక్కర్లేదు. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి మాత్రం 2021 అక్టోబరు 1 నుంచి వేయకూడదు.

దాన్ని ఒక్కటే అడిగా: "అది రక్తనాళంలోకి పోతే ఆవిడ ఏం చేస్తుంది?" చర్మం తెల్లగా పాలిపోయి నొప్పి పుడితే ఆలస్యం చేయకూడదు. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లరైతే కరిగించడానికి హైలురోనిడేజ్ ఉంది. కానీ అది ప్రిస్క్రిప్షన్ మందు. చూపు మసకబారితే వెంటనే 999కే.

"సీలు పెట్టె నీ ముందే విప్పాలి. లాట్ నంబరు, గడువు తేదీ ఫోటో తీసుకో. విప్పేసిన సిరంజి తెస్తే లేచి వచ్చెయ్. డాక్టరైతే జీఎంసీ, నర్సయితే ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో పేరు వెతుకు, ఉచితమేగా" అన్నా.

పెట్టె ఫోటో అడిగితే ఆవిడ పంపలేదట. మా పిల్ల బుకింగ్ రద్దు చేసుకుంది. డిపాజిట్ పోయిందని ఇప్పటికీ నామీదే అలక!