ఫిరాయింపుల చట్టం - శాసనసభ్యుని బాధ్యత
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పులు, షాదీ సహాయం, ఖబరస్తాన్ గోడ, ఇటువంటి విషయాలు మాట్లాడుకొనే ఈ వేదిక మీద శాసనసభ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని మన రామసముద్రం రోడ్డుకు డబ్బు మంజూరు కావాలన్నా, బడికి ఉర్దూ పంతులు రావాలన్నా కాగితం చివరకు పోయి చేరేది ఆ సభకే. అక్కడ మన తరఫున కూర్చున్న మనిషి ఎవరి మాట వింటాడు? మన మాటా, పార్టీ మాటా, తన లాభం మాటా? ఈ ప్రశ్నకు సంబంధించిన చట్టమే పార్టీ ఫిరాయింపుల చట్టం. దాన్ని గురించి మాకు తెలిసినంతవరకు నాలుగు మాటలు మనవి చేస్తాము.

1967 ఎన్నికల తర్వాత దేశంలో పార్టీలు మార్చడం ఒక అంటువ్యాధిలా పాకింది. హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పదిహేను రోజుల్లోనే మూడుసార్లు పార్టీ మార్చాడు. 'ఆయారామ్ గయారామ్' అనే మాట అక్కడే పుట్టింది. అప్పుడు లోక్‌సభలో ఈ జబ్బుకు మందు వెతకాలని తీర్మానం పెట్టినవారు మన రాయలసీమ మనిషే - కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నవారు అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారు. ఆ తీర్మానం ఫలితంగా వై.బి.చవాన్ అధ్యక్షతన సంఘం ఏర్పడి 1969లో నివేదిక ఇచ్చింది. ఆ కాలంలో రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయని అందులో తేలింది. అంటే సగానికి పైగా! సిద్ధాంతం కోసం మారారా, కుర్చీ కోసం మారారా అన్నది ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఒక్క సభ్యుడు లేచి తీర్మానం పెడితే ఏమవుతుందిలే అని మనం అనుకుంటాము. ఇక్కడ ఒక్కడి తీర్మానమే మొదటి మెట్టయింది. అయితే చట్టం మాత్రం వెంటనే రాలేదు. 1973లో బిల్లు పెట్టారు, సభ రద్దుతో అది మురిగిపోయింది. 1978లో మళ్ళీ తెచ్చారు, సభ్యులే ఎదురు తిరగ్గా వెనక్కి తీసుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టేవారు దొరకలేదు.

ఇంతలో మన రాష్ట్రంలోనే పెద్ద ఉపద్రవం వచ్చింది. 1984 ఆగస్టు 16న ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుగారి చేత ప్రమాణం చేయించారు. శాసనసభ్యులను కాపాడుకోవడానికి మన ఎల్ల దాటి కర్ణాటకకు, నంది కొండకు తరలించవలసి వచ్చింది. మదనపల్లె మార్కెట్లో టమోటా బుట్టకు వేలం పాడినట్లు మనుషులకు వేలం పాడతారనే భయం గదా అది! నెల రోజులకు, సెప్టెంబరు 16న రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ గందరగోళపు రోజుల్లోనే హైదరాబాదు పాతబస్తీలో అల్లర్లు చెలరేగాయి. దుకాణాలు మూతపడి, కర్ఫ్యూలో కూలి దొరకక పస్తులున్నది బీదసాదలే. పెద్దల కుర్చీల పోరులో కాలిపోయేది ఎవరి గుడిసెలో మనం గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత 1985 జనవరిలో పార్లమెంటు 52వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. అప్పటికి లోక్‌సభలో 30 మందితో ప్రతిపక్షాల్లోకెల్లా పెద్ద పార్టీ మన తెలుగుదేశమే. ఆ సవరణతో పదవ షెడ్యూలు వచ్చింది. గెలిపించిన పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్పుకు విరుద్ధంగా ఓటేసినా సభ్యత్వం పోతుంది. విప్పు ధిక్కరించినవారిని 15 రోజుల్లోగా పార్టీ మన్నిస్తే సరి.

ఇక్కడే చర్చ విలువ కనబడుతుంది. సభ బయటి నడవడికకు పార్టీ బహిష్కరించినా సభ్యత్వం పోయేట్టు మొదటి ముసాయిదాలో ఒక నిబంధన ఉండేది. అదే ఉండి ఉంటే పార్టీ అధ్యక్షుడికి నచ్చని మాట ఊళ్ళో అన్నా ఎమ్మెల్యేగిరీ ఊడేది. ఆక్షేపణలు రాగా దాన్ని తొలగించారు. అయితే ఇంకొక సందు మిగిలిపోయింది. మూడోవంతు మంది కలిసి పోతే దాన్ని 'చీలిక' అని మన్నించారు. ఒకడు గోడ దూకితే దొంగ, గుంపుగా దూకితే దొర! ఈ సందు మూయడానికి 2003లో 91వ సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ఆ సవరణే మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి కట్టడి చేసింది. 175 మంది సభ్యులున్న మన సభకు ముఖ్యమంత్రితో కలిపి 26 మందే. పంచిపెట్టడానికి కుర్చీలు తగ్గితే ఆశ కూడా కొంత తగ్గుతుందని ఆలోచన.

మరి జబ్బు నయమైందా? కాలేదు. మూడింట రెండువంతుల 'విలీనం' అనే తలుపు ఇంకా తెరిచే ఉంది. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ సభ్యులు ఆ తలుపు గుండానే టి.ఆర్.ఎస్.లో కలిశారు. అంతకన్నా పెద్ద లోపం, తీర్పు చెప్పేది సభాపతి కావడం, దానికి గడువు లేకపోవడం. 2014-19 సభలో 23 మంది వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ సభ్యులు తెలుగుదేశంలో చేరారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు తీరిపోయింది గాని వేటు పడలేదు. ఆ తర్వాతి సభలో ఇరుపక్షాల ఎనిమిది మందిపై వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు ముంగిట్లోకి వచ్చాక. మూడు నెలల్లో తేల్చడం సమంజసమని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. తెలంగాణలో పదిమంది బి.ఆర్.ఎస్. సభ్యుల విషయంలో 2025 జులై 31న మళ్ళీ అదే మూడు నెలల గడువు పెట్టి, ఈ ఏర్పాటును పార్లమెంటు పునరాలోచించాలని కూడా అన్నది. తలచుకుంటే తొందరగా తేల్చవచ్చునని రాజ్యసభ అధ్యక్షులుగా మన వెంకయ్యనాయుడుగారు 2017లో శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల విషయంలో చూపించారు. తీర్పు మంచిచెడ్డల సంగతి పక్కన పెట్టినా, నెలల్లోనే తేల్చారు. మేము ఏ పార్టీనీ వేలెత్తి చూపడం లేదు. అన్ని ఇళ్ళలోనూ అదే పొయ్యి, అదే పొగ.

రెండో వైపు కూడా చూడాలి. చిన్నా పెద్దా ప్రతి బిల్లుకూ విప్పు ఉంటే, మనం చెప్పుకున్న బాధ సభ్యుడి చెవిలోనే ఉండిపోతుంది, ఓటు మాత్రం పార్టీదే. అందుకే 1990లో దినేష్ గోస్వామి కమిటీ, సభ్యత్వం పోవడమనేది విశ్వాస తీర్మానం వంటి ముఖ్యమైన ఓట్లకే పరిమితం కావాలని సూచించింది. 2010లో మనీష్ తివారీ ఇటువంటి ప్రైవేటు బిల్లే పెట్టారు. మాకు ఈ మాట న్యాయంగా తోస్తుంది. ప్రభుత్వం నిలవాలా పడాలా అన్నచోట కట్టుబాటు ఉండాలి, మిగతాచోట మనస్సాక్షికి చోటుండాలి.

ఇక మనం చేయవలసింది ఏమిటి? ఓటింగు రోజు మొర పెట్టుకుంటే ఆలస్యమైనట్లే. బిల్లు కమిటీలో ఉన్నప్పుడు విప్పు ఉండదు, మాట వినే సమయం అదే. 2024లో వక్ఫ్ సవరణ బిల్లుపై సంయుక్త కమిటీ ప్రజల నుంచి లిఖితపూర్వక సూచనలు కోరింది. అటువంటప్పుడు మన సంఘం కాగితం, కలం సిద్ధంగా ఉంచుకోవాలి. ఎన్నికలప్పుడు ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా టీ ఇచ్చి మర్యాద చేసి మూడు ప్రశ్నలు అడగాలి. గెలిచాక పార్టీ మారవలసి వస్తే రాజీనామా చేసి మళ్ళీ మా దగ్గరికి వస్తారా? సభాపతి తీర్పుకు గడువు పెట్టే సవరణకు మద్దతిస్తారా? మా సంగతి మీద మీ పార్టీ సమావేశంలోనైనా నోరు విప్పుతారా? జవాబు సంఘం మినిట్సు పుస్తకంలో రాసుకోవాలి. అయిదేళ్ళకు మళ్ళీ వచ్చినప్పుడు ఆ పుట తెరిచి చూపాలి.

ఒక చేదు మాట కూడా చెప్పక తప్పదు. ఓటు అమానత్ అని మన పెద్దలు చెబుతారు. నోటు తీసుకొని ఓటేసిన చేయి, అమ్ముడుపోయిన ఎమ్మెల్యే వైపు వేలు ఎలా చూపిస్తుంది? అతను చేసింది పెద్ద బేరం, మనం చేసింది చిన్న బేరం, అంతే తేడా. మన సంఘంలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. ఎవరి జెండా వారిది. కాని మాట మీద నిలబడాలి అన్న విషయంలో అందరం ఒకే వరుసలో నిలవాలని మనవి.