తెరమీది నంబరు సాక్ష్యం కాదు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో పొదుపు లెక్కలు రాసే అక్కకు ఫోను వచ్చింది. తెరమీద బ్యాంకు నంబరే ఉంది. ఓటీపీ చెప్పింది, డబ్బు పోయింది. "నీకెందుకు ఫోను?" అన్నారు ఇంట్లో. డబ్బు కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ కుంగదీసింది. ఫోను లాక్కోవడానికి ఇంకో సాకు దొరికిందన్నమాట!

ఆమె తప్పేమిటి? ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్‌కు వేరొకరి నంబరు తగిలించి పంపే వీలుంది. కవరు మీద పంపినవారి చిరునామా ఎవరైనా రాయొచ్చు, పోస్ట్‌మాన్ పరీక్షించడు గదా! కనుక దీన్ని మొదట ఆపాల్సింది టెలిఫోన్ కంపెనీలూ, ప్రభుత్వమూ. మన దేశపు నంబర్లు తగిలించుకుని విదేశాల నుంచి వచ్చే కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరులో పెట్టింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆపామంది. అంతకుముందు అవన్నీ ఎవరి ఇళ్ళల్లో మోగాయి? 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఈ గుర్తింపులను తారుమారు చేస్తే 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

పోలీసు నంబరుతో "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. చీకటి పడ్డాక స్త్రీని అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకున్న మహిళా అధికారి ఉండాలి.

అనుమానం వస్తే పెట్టేయండి. పాసుబుక్కు మీది నంబరుకు మీరే చేయండి, ఆ కాల్ అసలు బ్యాంకుకే పోతుంది. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి.

అక్క ఫిర్యాదు ఇచ్చింది. తోడుగా ఇద్దరం వెళ్ళాం. ఫోను ఆమె దగ్గరే ఉంది.