రెండు చిన్న క్రియలు: ‘డూ’, ‘మేక్’

ఎవరి స్మృత్యర్థము మనము నేడిక్కడ సమావేశమైతిమో ఆ ఆచార్యులు జీవితమంతయు తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవారు; తెలుగు తెలియనివాడు తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు చెప్పజాలడని నమ్మినవారు. అందువలన వారి పేర నెలకొల్పబడిన ధర్మనిధి పక్షమున జరుగు ఈ ఉపన్యాసమునకు మహాకవుల నెన్నుకొనక, పసిపిల్లల వాచకమునందు మొదటి పుటలలోనే కనబడి పట్టభద్రుల వ్రాతలో సైతము తప్పులు పుట్టించుచుండు రెండు చిన్న క్రియలను విషయముగా గ్రహించితిని. అవి ‘డూ’, ‘మేక్’ అనునవి.

చిన్నవని వీనిని ఉపేక్షింపరాదు. సి. కె. ఆగ్డెను 1930లో 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీషు’ అను సంక్షిప్తభాషను కూర్చినపుడు, ఇంగ్లీషునందలి క్రియాసముదాయమునంతను ప్రక్కకు నెట్టి 18 క్రియలను మాత్రము నిలుపుకొనెను. ఆ 18లో ఈ రెండును కలవు. ఒకటి ఉన్నచో రెండవది అక్కరలేదని అంతటి పొదుపరియు తలంపలేదు. తెలుగువానికి మాత్రము అక్కరలేదనియే తోచును; ఏలయన మనకు ‘చేయు’ ఒక్కటే. పని చేయుదుము, బొమ్మ చేయుదుము, మేలు చేయుదుము, తప్పు చేయుదుము, ప్రయాణము చేయుదుము. కావించు, ఒనర్చు, సలుపు అని కావ్యభాషలో పర్యాయములెన్ని ఉన్నను, అవి ఛందస్సునకో గాంభీర్యమునకో ఉపకరించునవే కాని, ఆచరణకును సృష్టికిని నడుమ గీత గీయునవి కావు. సంస్కృతమునందలి ‘కృ’ ధాతువును ఇట్టిదే. దానినుండి వచ్చిన ‘కర్త’ అను మాట వ్యాకరణమున క్రియకు ఆశ్రయమైనవానిని, పుస్తకముపై దానిని రచించినవానిని, భక్తుని నోట జగత్తును సృజించినవానిని తెలుపును. ఇంగ్లీషువాడు భగవంతుని ‘మేకర్’ అనును; ‘డూయర్’ అని ఎన్నడును అనడు. ఫ్రెంచివారికి ‘ఫేర్’ అను ఒక్క క్రియయే రెండు పనులను నిర్వహించుచున్నది. జర్మనులకు రెండున్నను ‘మాఖెన్’ అనునది రెండవదాని తావులను పెక్కింటిని ఆక్రమించుకొన్నది. ఇంగ్లీషు మాత్రము రెంటిని వేరువేరుగా పోషించుకొన్నది. ఆ వేర్పాటునకు మూలము వాని జన్మమునందు కొంతవరకు కనబడును.

‘డూ’ మనకు దూరపు చుట్టము. హిందూ-యూరోపీయ మూలభాషలో ‘ఉంచుట, పెట్టుట’ అను అర్థముగల ధాతువొకటి ఉండెనని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అది సంస్కృతమున ‘ధా’ అయినది. లాటినున ‘ఫాకెరె’ అను క్రియకు మూలమైనది. ఇంగ్లీషున ‘డూ’ అయినది. సంస్కృతమున ధకారమున్న చోట ఇంగ్లీషున డకారముండుట ‘బంధ’, ‘బైండ్’ అను జంటయందును, ‘విధవా’, ‘విడో’ అను జంటయందును చూడవచ్చును. విధి, విధానము, సంధి, సమాధి అను మాటలన్నియు ఆ ‘ధా’ సంతానమే; మనలను నేడు కూర్చిన ధర్మనిధియందలి ‘నిధి’యు అట్టిదే. ‘డూ’ తోబుట్టువులలో ‘డూమ్’ అనునది మిక్కిలి విశేషమైనది. అది మొదట ‘నెలకొల్పబడినది’ అనగా శాసనము, తీర్పు. పిమ్మట తప్పింపరాని కడగతి. మన ‘విధి’యు ఇట్లే శాస్త్రమునందలి ఆజ్ఞయై ఉండి తుదకు నొసటి వ్రాత అయినది. ఒకరి నొకరెరుగని రెండు జాతులవారు ఒకే ధాతువును చేతబట్టుకొని ఒకే త్రోవను నడచిరనుట నాకు ఎప్పుడు తలచినను పులకింత కలిగించును. విజేత విలియము ఆజ్ఞపై 1086లో సిద్ధమైన భూముల లెక్కకు ‘డూమ్స్‌డే బుక్’ అను పేరు వచ్చుటకు హేతువును ఇదియే. అందు వ్రాయబడినదానిపై, అంత్యదినపు తీర్పుపైన వలెనే, అప్పీలు లేదని జనుల భావము. ఇక వస్త్రము ధరించుటను తెలుపు ‘డాన్’, తీసివేయుటను తెలుపు ‘డాఫ్’ అను మాటలు ‘డూ ఆన్’, ‘డూ ఆఫ్’ అనువాని సంక్షేపములు. అనగా ఒంటిపై పెట్టుట, ఒంటిపైనుండి తీసిపెట్టుట. పాత అర్థము వానియందు నేటికిని చెక్కుచెదరక ఉన్నది.

‘మేక్’ వంశము వేరు. పిసుకుట, మెదుపుట అను అర్థముగల ధాతువునుండి అది వచ్చినదని పండితులు చెప్పుదురు. పిండిని పిసుకుటను తెలుపు గ్రీకు క్రియయు ఆ కుదురునకు చెందినదే. ప్రాచీనాంగ్లమున వస్తునిర్మాణమును చెప్పుటకు ముఖ్యముగా మరియొక క్రియ ఉండెడిది. దాని భూతరూపమే నేడు ‘రాట్’ అని కవిత్వమునను ఇనుపపనియందును మిగిలియున్నది. బండిచక్రములు చేయువానికిని నాటకములు వ్రాయువానికిని చెందిన ‘రైట్’ అను ఉత్తరపదమును దానిదే. క్రమముగా ‘మేక్’ దానిని తొలగించి ఆ ఆసనమెక్కినది. స్కాట్లండున కవికి ‘మకార్’ అను పేరు కలదు. సర్ ఫిలిప్ సిడ్నీ, 1595లో ముద్రితమైన తన కవితాసమర్థన గ్రంథమున, కవిని నిర్మాతగా పిలుచుటయందు ఇంగ్లీషువారు గ్రీకులతో ఏకీభవించిరని గర్వించెను.

ఒకటి పెట్టుట, రెండవది పిసికి రూపము కల్పించుట: ఈ రెండు మూలార్థములును నేటి వాడుకలో ఇంకను ఊపిరి తీయుచున్నవనియే నేను మీకు మనవి చేయదలచిన సంగతి. కుమ్మరి చేతులు కడుగుకొని లేచిన తరువాత సారెపై కుండ నిలిచియుండును. అట్లు పని ముగిసిన పిదప మునుపు లేనిది ఏదేని నిలిచియున్నదా, అక్కడ ఇంగ్లీషువాడు ‘మేక్’ అనును. పనియే మొదటినుండి ఎదుట ఉన్నదా, అది నెరవేరుటతో ముగియునా, అక్కడ ‘డూ’ అనును. బడిపిల్లవాని ఇంటిపని, కర్తవ్యము, లెక్క, వ్యాపారము ఇవన్నియు ముందే ఏర్పడియున్నవి. వానిని ‘డూ’ చేతనే నెరవేర్పవలెను. ధనము వ్యాపారమునుండి పుట్టునది. కావున వ్యాపారము ‘డూ’, ధనము ‘మేక్’. గది ముందే కలదు, దానిని ఊడ్చి సర్దుట ‘డూ’. పడక మాత్రము ప్రతిదినము దుప్పటి పరచినపుడు క్రొత్తగా ఏర్పడుచున్నది గనుక ‘మేక్’.

ఇంతవరకు తెలుగు విద్యార్థి సులభముగానే అనుసరించును. అతడు తబ్బిబ్బగునది చేతికి తగులని వస్తువులయొద్ద. తప్పు చేయుటకు ‘మేక్’ ఏల? వాగ్దానము, నిర్ణయము, ఫిర్యాదు, సాకు, ప్రయత్నము వీనికి ‘మేక్’ ఏల? కొంచెము నిదానించి చూడుడు. వాగ్దానము పలికిన నోరు మూతపడినను వాగ్దానము నిలిచియే ఉండును. అది తీర్చవలసిన ఋణముగా ఇద్దరి నడుమ ఒక వస్తువైనది. తప్పు కాగితముపై నిలుచును. నిర్ణయము సభ ముగిసినను నిలుచును. ఇంగ్లీషు భాష మాటలను, తలంపులను, సంకల్పములను నిర్మితవస్తువులుగా చూచు అలవాటుగల భాష. శాసనములు, వీలునామాలు, సంధిపత్రములు వీనియన్నిటికిని అది ‘మేక్’ అనియే చెప్పును. యుద్ధమును ‘మేక్’ అని, ఆ యుద్ధమునందలి పోరాటమును ‘డూ బ్యాటిల్’ అని వేరుగా చెప్పుటయు ఇందువలననే కావచ్చును: రాజు సృష్టించునది యుద్ధము, భటుడు నెరవేర్చునది పోరాటము.

ఇందుకు ఎదురుగా మేలు, కీడు, హాని, న్యాయము, ఉపకారము, గౌరవము ఇవన్నియు ‘డూ’ వశమున ఉన్నవి. మేలు చేసిన తరువాత మేలు నిలువదా అని మీరు నన్నడుగవచ్చును. నిలుచును; కాని దానిని మనము ఒకరికి చేసితిమి. అది మరియొకరిపై ఉంచబడినది. ‘పెట్టుట’ అను పురాతనార్థము ఇచ్చట జీవించియున్నదని నా నమ్మకము. మన తెలుగే దీనికి సాక్ష్యము పలుకును: బాధపెట్టు, కష్టపెట్టు, భయపెట్టు, ఇబ్బందిపెట్టు అని పరునికి కలుగజేయు క్లేశములనన్నిటిని మనము ‘పెట్టుట’గానే చెప్పుచున్నాము. మన పూర్వులకు ‘డూ’ చరిత్ర తెలియదు, ఆ క్రియకు ‘పెట్టు’తో రక్తసంబంధమును లేదు, అయినను క్లేశమును ఒకనిపై మోపుటగా భావించిరి. పరునిపై మోపబడునది ‘డూ’ అను ఈ సూత్రమును పిల్లలకు చెప్పినచో, పట్టికలు వల్లెవేయించుటకంటె ఎక్కువ ప్రయోజనము కలుగును.

అయితే సూత్రము భాషను శాసింపజాలదు. త్వరపడుటకు ‘మేక్ హేస్ట్’ అందురు. త్వరలో నిర్మితమైనదేదియు లేదు. నిర్ణయమును అమెరికనులు సాధారణముగా ‘మేక్’ అనగా, బ్రిటనునందు ‘టేక్’ అనియు చెప్పుదురు. మన కార్యాలయములలో ఆ రెండవదే ఎక్కువగా వినబడును. అనువాదము వంటి కొన్ని మాటలకు రెండును చెల్లును. ‘డూ’ అన్నపుడు శ్రమవైపు, ‘మేక్’ అన్నపుడు గ్రంథమువైపు చూపు మరలును. ఇట్టి చోటులను దాచక చెప్పుటయే ఉపాధ్యాయునకు శోభ.

‘డూ’కు ఇంకొక జీవితము కలదు, అది ‘మేక్’ ఎరుగనిది. ప్రశ్నలోను నిషేధములోను స్వార్థమును విడిచి సహాయకక్రియగా నిలుచుట. మధ్యయుగపు ఇంగ్లీషునందు ‘డూ’ కొన్ని ప్రాంతములలో ప్రేరణార్థకముగ ఉండెను. రాజు కోటను కట్టించెననుటకు ‘డూ’ను వాడిరి. స్వీడను దేశపు పండితుడు ఎల్లెగార్డు 1953లో ప్రకటించిన గ్రంథమున, నేటి సహాయక ‘డూ’ ఆ ప్రేరణనుండియే పుట్టినదని వాదించెను. ఈ వాదమును ఆక్షేపించినవారును కలరు; వేల్సు భాషలో ‘చేయు’ అను క్రియ సహాయకముగ నుండుటను చూపి అచ్చటినుండి వచ్చినదని తలంచువారును కలరు. ఎల్లెగార్డు పక్షమునందలి సహజత్వము తెలుగువానికి వెంటనే గోచరించును. 1591లో చార్మినారును కట్టించినవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. కాని ‘కుతుబ్ షా చార్మినారు కట్టినాడు’ అనియు మనము నిస్సంకోచముగ అందుము, ఎవ్వరును ఆయన తాపీ పట్టెనని అనుకొనరు. ప్రేరణయు స్వయంక్రియయు ఇట్లు అర్థమున కలిసిపోవు చోట, ప్రేరణను తెలుపు మాట అర్థము కోల్పోయి వట్టి ఊతముగ మిగులుటకు వీలు కలుగును.

షేక్స్పియరు కాలమున ‘డూ’ ఉన్న ప్రశ్నలును లేని ప్రశ్నలును ప్రక్కప్రక్కనే చెల్లుచుండెను. 1611 నాటి బైబిలు అనువాదమున ప్రశ్నయు నిషేధమును కాని వాక్యములందు సైతము నొక్కి చెప్పవలసిన అక్కర లేకయే ‘డిడ్’ కనబడును. 1755లో జాన్సను తన నిఘంటువునకు చేర్చిన వ్యాకరణమున అట్టి వ్యర్థప్రయోగమును దోషముగా పరిగణించెను. పిమ్మట అది నిషేధమునకు, ప్రశ్నకు, నొక్కి చెప్పుటకు, మరల చెప్పవలసిన క్రియకు బదులుగా నిలుచుటకు పరిమితమైనది.

మనవారికి కష్టమంతయు ఇచ్చట. తెలుగున నిషేధము క్రియలోనే ఇమిడియుండును: రాను, రావు, రాడు. ప్రశ్న క్రియ చివర దీర్ఘముతో ముగియును: వచ్చెదవా? బదులు చెప్పుటకు ఆ క్రియనే తిరిగి పలుకుదుము: వచ్చెదను. ఊత మెన్నడును ఎరుగని పిల్లవాడు ‘డిడ్ నాట్ వెంట్’ అని వ్రాసినచో, అది అజ్ఞానము కాదు. భూతకాలమును ప్రధానక్రియయందు ఉంచవలెనను తెలుగు న్యాయబుద్ధి. కాలమును ‘డిడ్’ తనపైకి తీసికొన్నది గనుక ప్రధానక్రియ విశ్రమించినదని వానికి చెప్పవలెను. బెత్తముతో ఈ సంగతి తెలియదు.

ప్రేరణ బాధ్యతను ‘డూ’ విడిచిపెట్టగా దానిని ‘మేక్’ గ్రహించినది. కాని ఈ ప్రేరణ మన ‘ఇంచు’ వంటిది కాదు. వడ్రంగిచే బల్ల చేయించితినన్న తెలుగు వాక్యమున కూలి ఇచ్చి చేయించుకొనుటయు, బ్రతిమాలి చేయించుటయు, బెదిరించి చేయించుటయు అన్నియు ఇమిడియుండును. ఇంగ్లీషున వీనికి ‘హ్యావ్’, ‘గెట్’, ‘మేక్’ అని వేరువేరు దారులు. తెలుగు విద్యార్థి ‘ఇంచు’ కనబడినచోటెల్ల ‘మేక్’ పెట్టి వ్రాసినయెడల, మర్యాదగా పని చెప్పినవాడు నిర్బంధపెట్టినవాడుగా మారును. మనుష్యులను ఏడిపించుటకు, నవ్వించుటకు, ఆలోచింపజేయుటకు ‘మేక్’ ఒప్పును. అచ్చట ఎదుటివాని ఇష్టానిష్టములకు తావు లేదు గదా. మరియు కర్తరివాక్యమున ‘మేక్’ తరువాతి క్రియ ఒంటరిగా వచ్చును. కర్మణివాక్యమున మాత్రము ‘టు’ను వెంటబెట్టుకొని వచ్చును. దీనికి తర్కము వెదకుట వ్యర్థము; చెవికి అలవాటు కావలెను.

ఎ. ఎస్. హార్న్‌బీయును ఆయన సహాధ్యాపకులును జపాను విద్యార్థులకొరకు కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడినది. పరభాషవారికి మాట అర్థముతోపాటు ఆ మాట ఏ వాక్యరూపమున ఒదుగునో చెప్పవలెనను నిశ్చయమే దానికి ప్రాణము. తెలుగువారికై అట్టి చిన్న కోశమొకటి ఈ ధర్మనిధి పక్షమున సిద్ధము చేయింపుడని నేను నిర్వాహకులను వేడుచున్నాను. మన ‘చేయు’తో కూడు నామములను అకారాదిగా కూర్చి, ప్రతిదాని యెదుట ఇంగ్లీషున చెల్లు క్రియను వ్రాసిన చాలును. మొదటి అక్షరమే ఎంత సంపన్నమో చూడుడు: అన్యాయము చేయుటకు ‘డూ’, ఏలయన అది పరునిపై పడునది, అపరాధము చేయుటకు రెండును చెల్లవు, ‘కమిట్’ అను వేరొక క్రియ కావలెను, అప్పు చేయుటకు ‘బారో’ అని ఒక్క క్రియయే చాలును, నామముతో పని లేదు, అభ్యాసము చేయుటకు ‘డూ’, అల్లరి చేయుటకు ‘మేక్’, అవమానము చేయుటకు ‘ఇన్సల్ట్’ అని మరల వేరొక క్రియ.