రాత్రి కాపలాకు చీకటి దుర్భిణి: కొనేముందు ఆలోచించవలసిన సంగతులు

(గుడిమల్కాపూర్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్, కరువు భత్యం, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద అడవి పందుల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మనలో చాలామందికి ఊళ్లో రెండు మూడు ఎకరాల చెల్కో, పొలమో మిగిలి ఉంది. రిటైరయ్యాక వారంలో నాలుగు రోజులు అక్కడే గడుపుతున్నవారూ ఉన్నారు. మన మార్కెట్‌కు తెల్లవారకముందే కూరగాయలు, పూలు తెచ్చే చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు రైతును కదిలించండి. ధర మాట తరువాత అతని నోట వచ్చేది పందుల మాటే. పల్లిచేనులో, మక్కచేనులో ఒక్క రాత్రి మంద పడితే తిన్నదానికంటే తొక్కి పాడుచేసినదే ఎక్కువ.

ఈమధ్య మన సభ్యులు ముగ్గురు నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, చీకట్లో కనిపించే దుర్భిణి తెమ్మంటారా? నైట్ విజన్ మంచిదా, థర్మల్ మంచిదా?" విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెబితే బాగుంటుందని అధ్యక్షులవారు అవకాశమిచ్చారు.

ముందుగా ఈ రెంటికీ ఉన్న తేడా. నైట్ విజన్ అంటే ఉన్న కొద్దిపాటి వెలుతురును పెంచి చూపేది. నక్షత్రాల కాంతి, నెలవంక వెలుగు లోపలి గొట్టంలో ఎన్నో రెట్లు పెరిగి ఆకుపచ్చ బొమ్మగా కనిపిస్తుంది. సైన్యం వాడేది ఈ రకం. పగటి వెలుతురులో తెరిచి పెడితే గొట్టం పాడవుతుంది. రెండవది డిజిటల్ రకం. ఇది కెమెరా వంటిదే. కంటికి కనిపించని పరారుణ దీపం ఒకటి దానిలోనే ఉంటుంది. ఆ దీపం 850 నానోమీటర్లదైతే దూరం ఎక్కువ పోతుంది గాని ఎదుటివారికి సన్నని ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. 940 అయితే మెరుపు కనిపించదు, దూరం తగ్గుతుంది. మంచు, దుమ్ము ఉన్నా, ముందు ఆకులు అడ్డం ఉన్నా ఆ దీపకాంతి వెనక్కి కొట్టి బొమ్మ అంతా తెల్లబడిపోతుంది.

థర్మల్ రకానికి వెలుతురుతో పనిలేదు. ప్రతి వస్తువూ తన వేడిమిని బట్టి పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. వాటి ఉనికిని విలియం హెర్షెల్ 1800లోనే కనిపెట్టాడు. అమావాస్య నాడైనా జంతువు ఒంటి వేడి చుట్టుపక్కల నేలకంటే వేరుగా ఉంటే తెరమీద తెల్లగా కనిపిస్తుంది. ఈ కిరణాలు మామూలు గాజు గుండా పోవు. అందుకే దాని కటకాన్ని జెర్మేనియంతో చేస్తారు, ధర కూడా అందుకే ఎక్కువ. డిజిటల్ రకం వేలల్లో దొరికితే థర్మల్ తరచు లక్ష దాటుతుంది. కిటికీ అద్దం వెనుక కూర్చుని చూద్దామంటే థర్మల్‌లో ఏమీ కనబడదు.

ఇది మనకు కొత్త విద్య కాదు. మన మచిలీపట్నంలో స్వాతంత్ర్యానికి ముందే పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ బడి ప్రయోగశాలలకు పరికరాలు చేసి ఇచ్చేది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తీసుకున్నారు. మన సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారవుతున్నాయి.

ఇక రెంటిలో ఏది? నా అనుభవంలో, జంతువు ఉన్నదో లేదో కనిపెట్టడానికి థర్మల్ మేలు. ఆ జంతువు ఏదో పోల్చుకోవడానికి నైట్ విజన్ మేలు. ఈ రెండు పనులూ ఒకటి కావని కొనేవారు మరిచిపోతున్నారు.

పెట్టె మీద "1,000 మీటర్ల దూరం" అని రాసి ఉంటుంది. అది చుక్క కనిపించే దూరం. ఒక చిన్న లెక్క చూడండి. 25 మిల్లీమీటర్ల కటకం, 12 మైక్రాన్ల చుక్కలు ఉన్న థర్మల్ పరికరంలో, నూరు మీటర్ల దూరాన ఒక్కొక్క చుక్క సుమారు 5 సెంటీమీటర్ల మేర చూపుతుంది. ముప్పాతిక మీటరు ఎత్తున్న పంది అక్కడ 15 చుక్కల ఎత్తు వస్తుంది. కాళ్లు, మూతి పోల్చుకోవచ్చు. 300 మీటర్ల దగ్గర ఆ పందే 5 చుక్కలు. 500 దగ్గర 3 చుక్కలు. మూడు చుక్కల్లో పంది, దూడ, గుంటకూర్చున్న మనిషి అంతా ఒకటే.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా ఊళ్లో పందుల బెడద మితిమీరితే అటవీశాఖవారి లిఖిత అనుమతి తీసుకుని, లైసెన్సున్న వేటగాడిని పిలిపించారు. మంచె మీద అతని పక్కన నేను థర్మల్ దుర్భిణి పట్టుకుని కూర్చున్నాను. రాత్రి పన్నెండు దాటింది. పల్లిచేను అవతలి గట్టున తెల్లగా, పొట్టిగా ఒక ఆకారం మెల్లగా కదులుతోంది. అతను అడిగాడు, "పందేనా సార్?" నేను తడుముకోకుండా "పందే" అన్నాను. అతను తుపాకి ఎత్తలేదు. "ఒక్కటే ఉన్నది. ఇంకొంచెం దగ్గరకు రానీయండి" అన్నాడు. రెండు నిమిషాల తరువాత ఆ ఆకారం నిలువుగా లేచింది. ముఖం దగ్గర భగ్గున తెల్లని చుక్క వెలిగింది. బీడీ. నా గుండె ఆగినంత పనైంది. "ఎవరది?" అని కేక వేశాను. "నేనేరా, మోటరు బందు చేసి పోతున్న" అని జవాబు వచ్చింది. వరసకు నాకు చిన్నాయన. పక్క చేను వారిది.

తరువాత ఆలోచిస్తే నా పొరపాటు అర్థమైంది. ఆయన గొంగడి కప్పుకుని, కాలువ వెంట వంగి నడుస్తున్నాడు. గొంగడి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నాకు కనిపించింది మనిషి కాదు, గొంగడి దాటి వచ్చిన కొద్దిపాటి వేడి మాత్రమే. పూర్వం టార్చిలైటు వేస్తే నక్క కళ్లు, జింక కళ్లు మెరిసేవి. పంది కంట్లో ఆ మెరిసే పొర లేదు. మనిషి కంట్లోనూ లేదు. కాబట్టి కళ్లు మెరవలేదు గనుక పందే అనుకోవడం కూడా తప్పే. ఆ రాత్రి చిన్నాయన ప్రాణం నిలిచింది నా లక్ష రూపాయల దుర్భిణి వల్ల కాదు, ఆ వేటగాడి ఓపిక వల్ల.

అందుకని నా మొదటి సలహా. కొంటే చేతిలో పట్టుకునే దుర్భిణి కొనండి. తుపాకికి బిగించేది వద్దు. తుపాకి మీది దుర్భిణితో చూడాలంటే, చూసిన ప్రతిదాని మీదికీ గొట్టం తిప్పవలసిందే. పంది మీదికీ, పాలేరు మీదికీ.

రెండు, డబ్బు చెల్లించేముందు రాత్రిపూట పరీక్షించండి. మనవడిని నూరు అడుగుల దూరంలో నిలబెట్టండి, కూర్చోబెట్టండి, దుప్పటి కప్పండి. పక్కన మేకను కట్టండి. ఎంత దూరం వరకు తేడా తెలుస్తుందో అదే మీ పరికరం అసలు దూరం.

మూడు, మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో చీకటిపడ్డాక కూడా బండలు, గట్లు వేడిగానే ఉంటాయి. థర్మల్‌లో అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. పొద్దుపోయాక, తెల్లవారుజామున బాగా పనిచేస్తుంది. వానలోనూ దట్టమైన మంచులోనూ చూపు తగ్గుతుంది. నిలువెత్తు మక్కచేను లోపల దూరిన పందిని ఏ రకమూ చూపించలేదు. ఆకుల సందుల్లోంచి కనిపించినంతే.

నాలుగు, మన కళ్లు. చీకటికి కన్ను అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వయసు పెరిగినకొద్దీ ఇంకా ఆలస్యం. దుర్భిణి తెర వెలుగు చూసి వెంటనే మంచె దిగితే ఆ కన్నుకు ఏమీ కనిపించదు. తెర వెలుతురు బాగా తగ్గించుకోండి, ఒక్క కంటితోనే చూడండి, దిగేముందు కాసేపు ఆగండి. శుక్లాల ఆపరేషన్ అయినవారు కంటికి సరిపోయేలా సర్దుకునే మర ఉన్నదో లేదో చూసుకోండి.

అయిదు, అమెరికా సంగతి. మంచి రకం నైట్ విజన్ గొట్టాలను అక్కడ ఆయుధాల ఎగుమతి చట్టం కింద ఉంచారు. థర్మల్ పరికరాల మీదా ఆంక్షలున్నాయి. లైసెన్సు లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని బయలుదేరితే నేరమయ్యే ప్రమాదముంది. నాలుగు కంకుల కోసం పిల్లల ఉద్యోగం, వీసా పణంగా పెట్టించకండి. ఇక్కడే, బిల్లుతో, గ్యారంటీతో కొనండి.

ఇక చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అడవి పంది రెండవ షెడ్యూలులో ఉంది. పంట పాడుచేస్తున్న పందిని చంపాలన్నా 11వ సెక్షను కింద అధికారి లిఖితపూర్వకంగా అనుమతించాలి. మన పొలంలోకి వచ్చింది గనుక మనదే అన్న మాట చెల్లదు. ఇంట్లో పందికొక్కును పట్టడానికి బోను చాలు, ఎవరి అనుమతీ అక్కరలేదు. (ఆ పందికొక్కు అన్న మన మాటే ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయింది, గమనించండి.) దానికీ దీనికీ లంకె పెట్టకండి. పొరపాటున మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు జైలు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవారికి కూడా ఇదే హెచ్చరిక. ఆ తీగకు పంది ఎవరో, పొరుగు రైతు ఎవరో తెలియదు.

మరి పంట దక్కేదెలా? మనకు దగ్గరలోనే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షులు, జంతువుల వల్ల పంటకు కలిగే నష్టం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినవారున్నారు. పల్లిచేను చుట్టూ ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం వరసలు వేయడం వంటివి వారు చెప్పినవే. పందికి చూపు తక్కువ, వాసన పసిగట్టడం ఎక్కువ. దాన్ని తిప్పికొట్టే ఉపాయాలు ముక్కునూ చెవినీ పట్టుకోవాలి. తగు ప్రమాణంలో ఆగి ఆగి పోటు వచ్చే సోలార్ కంచె కూడా మనిషి ప్రాణం తీయదు. దుర్భిణి వీటికి తోడు మాత్రమే. మంద ఏ మూల నుంచి వస్తున్నదో ముందుగా చూసి డప్పు కొట్టడానికి, కేక వేయడానికి అది చాలా చక్కగా పనికివస్తుంది. ఆ పనికైతే నేను ఇప్పటికీ వాడుతున్నాను.

ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఖర్చూ తగ్గుతుంది, ఎవరు ఏ రాత్రి ఎక్కడ తిరుగుతున్నారో అందరికీ తెలుస్తుంది. మంచె ఎక్కేముందు చుట్టుపక్కల చేలవారికి కబురు చెప్పండి. మా చిన్నాయన ఆ తరువాత మోటారుకు వెళ్లినప్పుడల్లా పాట పాడుకుంటూ వెళ్తున్నాడు. గొంతు బాగుండదు. అయినా మా ఇంట్లో ఎవరమూ వద్దనం.